మంగళంపల్లి బాలమురళీకృష్ణ

కర్ణాటక సంగీత గాయకుడు, వాగ్గేయకారుడు (1930–2016). కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఆయన గురువు. ఎనిమిదో ఏటనే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేసి పెద్దలను అబ్బురపరిచారు. 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. ఆ పని ఒక్కటి చాలు, ఆయన్ను వాగ్గేయకారుల వరసలో నిలబెట్టడానికి.

రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్న కట్టుబాటును ఆయన దాటారు. ఆయన సృష్టించిన మహతి రాగంలో స, గ, ప, ని నాలుగే. సర్వశ్రీలో స, మ, ప మూడే. ఇది సంప్రదాయ విరుద్ధమని కొందరు విద్వాంసులు గట్టిగా ఆక్షేపించారు. అయినా 1975 నాటి తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిలో పాట కట్టారు. బాలమురళీకృష్ణ కచేరీల్లో వయొలిన్, వయోలా కూడా వాయించేవారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియర్ పురస్కారం అందుకున్నారు. 2016 నవంబర్ 22న చెన్నైలో కన్నుమూశారు.