ఆవిడ దేశంలో నేల, ఆయన దేశంలో నేల

మా వైపు పెద్దవాళ్ళు రంగూన్ అనేవారు కాదు, "రంగం" అనేవారు. "వాళ్ళ తాత రంగం వెళ్ళాడు" అంటే ఇక ఆ మనిషి గురించి ఎక్కువ అడగకూడదని అర్థం. తిరిగొచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకుని ఉండనూ వచ్చు. పెళ్ళాడిన మనిషిది వేరే దేశమైతే ముసలితనంలో ఎక్కడ ఉండాలి, ఎవరి దేశంలో నేల కొనుక్కోవాలి అన్న ప్రశ్న ఇప్పుడు అమెరికా వెళ్ళిన పిల్లలతో కొత్తగా వచ్చిందనుకుంటాం. మన ఉత్తరాంధ్ర ఇళ్ళకి ఇది వందేళ్ళ నాటి ప్రశ్న.

1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని ఆక్రమించారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మొయ్యడానికి కూలీలు కావాలి. అప్పటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు స్టీమర్లెక్కి వెళ్ళారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువాళ్ళకి "కోరంగీలు" అన్న పేరు పడింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగర జనం నాలుగు లక్షలు దాటితే, అందులో సగానికి పైగా భారతీయులే.

వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్ళు. రెండు మూడేళ్ళు కష్టపడి నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేసేవారు కొందరు. అక్కడే బర్మా అమ్మాయిని చేసుకుని ఉండిపోయినవారు కొందరు. ఉండిపోవాలంటే ఇల్లు కావాలి, ఇంటికి నేల కావాలి. ఇక్కడే మనం, ఆడవాళ్ళం, ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది.

బర్మా బౌద్ధుల ఆచారంలో పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించుకున్నది ఇద్దరిదీ. విడిపోతే పంచుకుంటారు. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఆస్తిలో వాటా ఉంటుంది. బజారులో కొట్టు పెట్టి వ్యాపారం నడిపేదీ, డబ్బు లెక్క చూసేదీ చాలావరకు ఆడవాళ్ళే. అదే రోజుల్లో మన వైపు హిందూ ఇళ్ళల్లో భర్త పోయిన ఆవిడకి మిగిలేది తిండీ బట్టా. 1937 చట్టంతో వితంతువుకి భర్త ఆస్తిలో హక్కు వచ్చినా అది బతికున్నన్నాళ్ళు అనుభవించడానికే. పూర్తి హక్కు రావడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా 1985లో గానీ రాలేదు.

అయితే ఆ బర్మా అమ్మాయి మన హిందువుని చేసుకునేసరికి కథ తిరగబడేది. ఆ పెళ్ళిని హిందూ ధర్మశాస్త్రం ఒప్పుకోదు. కాబట్టి కోర్టులో ఆవిడ భార్య కాదు, పిల్లలు వారసులు కారు. పాతికేళ్ళు ఆవిడ కొట్టు నడిపి కూడబెట్టిన డబ్బుతో కొన్న ఇల్లయినా, కాగితం ఆయన పేరున ఉంటే, ఆయన పోయాక ఇక్కడి నుంచి అన్నదమ్ములు వచ్చి అడగొచ్చు. ఇది బర్మాలో పెద్ద గొడవే అయింది. 1938 అల్లర్ల వెనక ఉన్న కోపాల్లో భారతీయులని చేసుకున్న బర్మా ఆడవాళ్ళ గతి కూడా ఒకటి. ఆ మరుసటి ఏడు, 1939లో, బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం తెచ్చారు. పరాయి మతంవాడిని చేసుకున్నా ఆమె తన మతంలోనే ఉండొచ్చు, తన ఆచారం ప్రకారమే ఆస్తి హక్కు ఉంటుంది అన్నది దాని సారాంశం. చాలామంది ఆడవాళ్ళు చితికిపోయిన తరవాత వచ్చిన చట్టం అది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా పరాయి దేశమే కాదు. బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1936లో రంగూన్‌లో జాగా కొన్న తెలుగాయన తన దేశంలోనే కొన్నాననుకున్నాడు. మరుసటి ఏడాదికి అది విదేశం. మొగుడూ పెళ్ళాలు కదల్లేదు, సరిహద్దు కదిలింది.

బర్మావాళ్ళ కోపానికి కారణాలు లేకపోలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ చోట బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగొచ్చేసరికి బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. పల్లెల్లో ఇంకో తంతు. ధరలు పడిపోయి అప్పులు తీరక, వరి పండే ముఖ్య జిల్లాల్లో 1938 నాటికి సాగుభూమిలో నాలుగో వంతు తమిళ చెట్టియార్ల చేతికి పోయింది. ఎనిమిదేళ్ళ ముందు అది నూటికి ఆరు వంతులే. స్వతంత్రం దగ్గరపడ్డాక, 1947లో, స్థిరాస్తిని విదేశీయుడికి అమ్మకూడదు, ఇవ్వకూడదు, తాకట్టు పెట్టకూడదని చట్టం చేశారు. 1987లో మళ్ళీ రాసుకున్నారు.

దీన్ని అన్యాయం అనే ముందు మా చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కి చూడాలి. ఆ ఏజెన్సీలో నేను సెంటు భూమి కూడా కొనలేను. 1959 నాటి నిబంధనని 1970లో గట్టిచేశారు, అందరూ 1/70 చట్టం అంటారు. గిరిజనేతరులు అక్కడ గిరిజనుల దగ్గరే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనకూడదు. కారణం బర్మాలోదే. అప్పిచ్చినవాడి చేతికి కొండ పోకుండా ఉండాలని. అరవై కిలోమీటర్లు కూడా లేని ఊళ్ళోనే నేను పరాయిదాన్నయితే, సముద్రం దాటితే కానా?

తరవాతి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షలమంది భారతీయులు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళే వేలూ పదివేలూ. యుద్ధమయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు, ఇల్లూ నేలా అక్కడే ఉన్నాయి కదా అని. 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాడు. 1964లో కొట్లు జాతీయం చేశారు, యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశారు. లక్షకి పైగా జనం పెట్టే బేడా సర్దుకుని ఓడల్లో మద్రాసుకీ విశాఖకీ వచ్చిపడ్డారు. నగా నట్రా మీదా ఆంక్షలే. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు అందుకే. మోల్మీన్, పెగూ వైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

బర్మా భార్యకి ఆ రోజుల్లో ఏం మిగిలింది? ఆయనతో ఓడ ఎక్కితే పుట్టిన ఊరూ, పుట్టింటి వాటా వదలాలి. భాష రాని ఊళ్ళో, ఒక్కోసారి అప్పటికే ఒక భార్య ఉన్న ఇంట్లో, అడుగుపెట్టాలి. ఎక్కకపోతే నేల తనదే, మనిషి ఉండడు.

ఇది బర్మా ఒక్కదాని గోడు కాదు. అమెరికాలో 1907 చట్టం ప్రకారం పరదేశిని చేసుకున్న అమెరికా ఆడపిల్ల తన పౌరసత్వమే పోగొట్టుకునేది. 1922లో దాన్ని సడలించినా ఆసియావాళ్ళని చేసుకున్నవాళ్ళకి 1931 దాకా విముక్తి లేదు. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అచ్చమైన అమెరికా మనిషి. 1923లో భారతీయులకి పౌరసత్వం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పాక, ఆయనతో పాటు ఆమె పౌరసత్వమూ పోయింది. పుట్టిన దేశంలోనే పరాయిది అయింది.

ఇదంతా నేను ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం మా పెద్దమ్మ కొడుకు. అన్నయ్య అమెరికా పౌరుడు, ఓసీఐ కార్డు ఉంది. వదినది ఫిలిప్పీన్స్, నర్సు. ఇప్పటికీ ఆ దేశం పాస్‌పోర్టే. పెళ్ళై పద్నాలుగేళ్ళు. రిటైరయ్యాక చోడవరం దగ్గర రెండెకరాలు కొని మామిడి మొక్కలు వేసుకుందామని అన్నయ్య. వాళ్ళ అమ్మగారి ఊళ్ళో సముద్రం ఒడ్డున ఉందామని వదిన. ఇక్కడున్నది నేను కాబట్టి చూడమన్నారు.

చూస్తే తేలిందిది. ఓసీఐ ఉన్నవాళ్ళు మన దేశంలో ఇల్లు, ఇళ్ళస్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే సరే. మా చుట్టూ ఉన్నవన్నీ చెరుకు చేలూ వరి పొలాలూ, అడంగల్‌లో అన్నీ వ్యవసాయ భూములే. కాబట్టి రెండెకరాల మామిడి తోట మాట అక్కడితో సరి. భారత సంతతి కాని భార్యకి 2019 నిబంధనల ప్రకారం భర్తతో ఉమ్మడిగా ఒక్క ఆస్తి కొనే వీలుంది. పెళ్ళి రిజిస్టరై ఉండాలి, రెండేళ్ళు నిండాలి. పాకిస్తాన్, చైనా, నేపాల్ లాంటి కొన్ని దేశాలవాళ్ళకి ఆ వీలు కూడా లేదు. భార్యగా తనూ ఓసీఐ కార్డు తెచ్చుకోవచ్చు గానీ, విడాకులైతే ఆ కార్డు రద్దవుతుంది.

అటువైపు సంగతి ఇంకా గట్టిది. ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం ప్రకారం విదేశీయుడు నేల కొనలేడు, వారసత్వంగా వస్తే తప్ప. అక్కడ ఒక జర్మన్ భర్త తన తల్లిదండ్రుల ఆస్తి అమ్మిన డబ్బుతో భార్య పేరున నేల కొని ఇల్లు కట్టాడు. విడిపోయాక నేల వద్దు, డబ్బు ఇప్పించమన్నాడు. కొనకూడదని తెలిసే కొన్నావు, డబ్బూ రాదని 2006లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ ఫోన్‌లో చెప్పుకొచ్చాక అన్నయ్య, "అయితే ఇక్కడ నీ పేరున కొందాం, నువ్వు మా మనిషివే కదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రేపు నా పిల్లలు, వాళ్ళ పిల్లలు ఏమంటారో నాకేం తెలుసు? రంగం నుంచి వచ్చిన కాగితాల మీద తగువులు ఇలాగే మొదలై ఉంటాయి. అప్పుడు వదిన మెల్లిగా అడిగింది, "ఆయన ముందు పోతే మీ ఊళ్ళో నేనెవర్ని అక్కడ?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఒక్కటే, దస్తావేజు మీద నీ పేరు ఉండాలి వదినా, అని.

ప్రస్తుతానికి వాళ్ళు అనుకున్నదేమిటంటే, ఇక్కడ పొలం కాదు, అనుమతులున్న లేఅవుట్‌లో ఒక ఇళ్ళస్థలం, ఇద్దరి పేర్లా. అక్కడ వదిన పుట్టింటి వాటా ఆవిడ పేరునే, అన్నయ్య దాని మీద ఇల్లు కట్టే ఖర్చు పెట్టేముందు తిరిగి రాదనుకునే పెట్టాలి. రెండు దేశాల్లోనూ వీలునామాలు. కొనేముందు రెండు చోట్లా లాయర్ల చేత, ఒకరు పోతే రెండోవారికి ఏం మిగులుతుందో కాగితం మీద రాయించుకోవడం.

మీ ఇంట్లోనూ విదేశీ కోడలో అల్లుడో ఉంటే, వాస్తు, నీళ్ళు, రోడ్డు చూసే ముందు ఈ కాగితం చూడండి. కోడలైతే మరీ. మన ఇంటికి వచ్చిన పిల్లకి ఆ మాట ఎత్తడం మొహమాటంగా ఉంటుంది, కాబట్టి అత్తగారో ఆడపడుచో మనమే ముందు ఎత్తితే బాగుంటుంది.