సొరను వదిలిన చేతులు

సూరత్ సముద్ర చరిత్ర పూడికతో మొదలవుతుంది. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడలెక్కిన ఈ రేవులోకి పెద్ద ఓడలు నేరుగా రాలేకపోయేవి. తాపీ నది ముఖద్వారం మేటవేయడంతో సువాలీ దగ్గరే లంగరు వేసేవి. 1612లో ఆంగ్లేయులు పోర్చుగీసువారితో తలపడింది అక్కడే. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్ల ఉధృతికి ఇక్కడి నీరు నేటికీ బురదరంగులోనే ఉంటుంది. గుజరాత్‌లో సముద్రంలో మునిగి చూసే పర్యాటకం గురించి మాట్లాడాలంటే సూరత్ దాటి సౌరాష్ట్ర తీరానికి పోవలసిందే.

2024 ఫిబ్రవరి 25న ద్వారక వద్ద ప్రధాని మోదీ సముద్రంలోకి దిగి నెమలి పింఛాలు సమర్పించారు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. అదే తీరాన, వెరావల్‌లో, అంతకు రెండు దశాబ్దాల ముందు జరిగినది మాత్రం ఇంత ప్రచారానికి నోచుకోలేదు.

పడవల చెక్కకు పూసే నూనె కోసం అక్కడ తిమింగల సొరలను వేటాడేవారు. తర్వాత మాంసం ఎగుమతికి గిరాకీ పెరిగి, వేట విపరీతమైంది. మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ చిత్రం ఆ ఊచకోతను బయటపెట్టింది. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరిన తొలి చేప ఈ సొరే. అయితే చట్టం ఒక్కటే దాన్ని కాపాడలేదు. 2004లో మొదలైన ప్రచారంలో కథకుడు మొరారి బాపు దానిని పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో పోల్చారు. జాలరులు ‘వహాలీ’ అని, అంటే ప్రియమైనదని, పిలవసాగారు. వలలో పడిన సొరను వదిలేందుకు వల కోస్తే అటవీశాఖ పరిహారమిచ్చే ఏర్పాటూ వచ్చింది. వందల సొరలు ప్రాణాలతో కడలికి తిరిగి వెళ్లాయి.

భక్తికి పరిహారం తోడయింది కనుకనే అది సాధ్యమైందని నా అభిప్రాయం. కానీ వల ఎవరిది? పడవ యజమానిది. పరిహారమూ అతనికే. ఆ పడవల మీద కూలికి వెళ్లేవారిలో మన శ్రీకాకుళం మత్స్యకారులు ఎందరో ఉన్నారు. సూరత్ మరమగ్గాల దగ్గర తెలంగాణ పద్మశాలీలు, వెరావల్ వలల దగ్గర సిక్కోలు జాలరులు: గుజరాత్‌కు తెలుగు నేల పంపిన రెండు వలసలివి. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కిన మనవారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా మీదుగా తిరిగివచ్చారు. ‘తండేల్’ సినిమా వచ్చాకగాని చాలామందికి ఆ సంగతి గుర్తు రాలేదు.

ఫిలిప్పీన్స్‌లోని దోన్సోల్‌లో లెక్క వేరు. 1998లో సొర వేటను నిషేధించాక, సందర్శకులను వాటి దగ్గరకు తీసుకెళ్లే పని స్థానిక జాలరులకే దక్కింది. గాలి సిలిండర్లు కట్టుకుని దిగడాన్ని అక్కడ అనుమతించరు, ముక్కుగొట్టంతో ఈదవలసిందే. చేపకు ఇబ్బంది తక్కువ, జాలరికి జీతం. ద్వారక నీటి అడుగున పర్యాటక ప్రణాళికలు వేసేవారు ముందు చూడవలసింది ఈ లెక్కనే. మన విశాఖ రుషికొండ దగ్గరా స్కూబా వచ్చింది. సిక్కోలు జాలరులు మాత్రం వేట కాలం రాగానే గుజరాత్ రైలు ఎక్కుతూనే ఉన్నారు.