విజ్ఞానసర్వస్వమున దేశవ్యాస ప్రస్తావన: థాయిలాండు

విజ్ఞానసర్వస్వమందు దేశమును గూర్చిన వ్యాసమును సాంతముగా జదువువారు కొందఱే. మొదటి నాలుగు వాక్యములు చూచి గ్రంథము మూయువారు పెక్కుఱు. పాఠశాలలలో బాలురకు జెప్పబడునదియు దఱచుగా నా నాలుగు వాక్యములే. కావున నందలి దోషము వ్యాసమధ్యమందలి దోషమువంటిది కాదు. థాయిలాండు వ్యాసము నుదాహరణముగా గొని యీ విషయము విచారింతము.

ఈ దేశమును గూర్చి సామాన్యముగా వ్రాయబడు ప్రస్తావన యిట్లుండును: శ్యామదేశ మాసియాఖండమున నాగ్నేయదిశయం దున్నది, అది యెన్నడును బరాధీనము గాలేదు, దాని నాగరకత భారతీయము. ఈ మూడు మాటలును సవరింపదగినవే.

మొదట నామము. 1939 జూను 24వ తేదీన సయాము అను పేరు తీసివేయబడి థాయిలాండు అను పేరు వచ్చెను. 1945లో మరల బూర్వనామము గ్రహింపబడెను. 1949లో థాయిలాండు అనునది తిరిగి స్థిరపడెను. ఇక 'శ్యామ' రూపము మన పండితులకు బ్రియమైనది. అంగకోరువాటునందలి పండ్రెండవ శతాబ్దపు శిల్పములకడ నున్న శాసనాక్షరములలో 'శ్యాం' జనుల పేరు గలదు. అంతమాత్రమున నది సంస్కృత వర్ణవాచకమే యనుట సాహసము. శబ్దసాదృశ్య మొక్కటియే ప్రమాణమైనచో నేమియైనను సాధింపవచ్చును గదా!

రెండవ వాక్యము మిక్కిలి చిక్కైనది. యూరపువా రీ దేశము నేలలేదనుట నిజము. 'ఎన్నడును' అనుట నిజము కాదు. 1569లో అయుత్థయ బర్మారాజునకు లోబడి, పదునైదేండ్ల పిమ్మట నరేశువాని కాలమున స్వాతంత్ర్యము ప్రకటించెను. 1767లో బర్మా సేనలే యా నగరమును ధ్వంస మొనర్చెను. యూరపువారి విషయమునను స్వాతంత్ర్యము నిండుగా నుండలేదు. 1855 నాటి బౌరింగు సంధివలన దిగుమతి సుంకము నూటికి మూడు వంతులకు గట్టుపడెను. ఆంగ్లేయ ప్రజలపై విచారణాధికారము వారి కాన్సలుకు సంక్రమించెను. 1893లో మేకాంగునది యెడమగట్టు ఫ్రెంచివారికి బోయెను. 1907లో బత్తంబాంగు, సియెంరీపు ప్రాంతములును బోయెను. 1909లో కెడా, కెలంతాను, తెరెంగాను, పెర్లిసు ఆంగ్లేయుల పాలైనవి. 1941 డిసెంబరు 8న జపాను సేనలు దిగగా, కొన్ని గడియల పోరు పిమ్మట ప్రభుత్వము వారికి దారి యొసంగెను. ఇంత చరిత్రము నొక క్రియావిశేషణముచే గప్పిపుచ్చుట తగునా?

మూడవది మన యభిమానమునుండి పుట్టినది. అయుత్థయ నామ మయోధ్యనుండి వచ్చినదే. 1797లో మొదటి రామరాజు రామకథను థాయి భాషలో రచింపించెను. ఐనను నచటి రామకథ యచటిదే. ప్రజలలో నధికసంఖ్యాకులు థేరవాద బౌద్ధులు. ఈ సంబంధములను వ్యాసమధ్యమున విరివిగా జెప్పవచ్చును. ప్రస్తావనలో నొక్క మాట చాలును.

సవరించిన ప్రస్తావన యిట్లుండవచ్చును: థాయిలాండు మ్యన్మారు, లావోసు, కంబోడియా, మలేసియాల నడుమ సుమారు 5,13,000 చదరపు కిలోమీటరుల వైశాల్యము గల దేశము. పూర్వనామము సయాము. 1782 నుండి రాజధాని బాంకాకు. 1932లో నిరంకుశ రాజఱిక మంతరించి రాజ్యాంగబద్ధమైన రాజఱికము వచ్చెను; పిదప సైనికులు పలుమాఱు ప్రభుత్వమును గైకొనిరి. యూరపు రాజ్యముల యేలుబడిలోనికి రాలేదు గాని, సంధులచే భూభాగములను, గొన్ని యధికారములను గోల్పోయెను. ప్రజలలో నధికులు బౌద్ధులు; భాషయందును, గథలయందును భారతదేశ సంబంధము గలదు.