డెర్బీ గెలిచిన మోకాలు

1984 నవంబర్ 10. కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్క్‌లో మొట్టమొదటి బ్రీడర్స్ కప్ పందేలు. రెండేళ్ల గుర్రాల పోటీలో ముందంజలో ఉన్న స్పెండ్ ఎ బక్ చివర్లో తగ్గి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. తర్వాత పరీక్షిస్తే ముందుకాలి మోకాలి కీలులో ఎముక పెచ్చు ఊడి ఉంది.

పరుగు జోరు మీద గుర్రం మోకాట్లోని చిన్న ఎముకలు ఒకదానికొకటి గట్టిగా తగిలి అంచులు విరగడం మామూలే. ఆ పెచ్చును వదిలేస్తే కీలు పాడవుతుంది. ఒకప్పుడు దాన్ని తీయడానికి కీలును బారుగా కోసి తెరిచేవారు. కోలుకోవడానికి నెలల తరబడి పట్టేది. వచ్చే మేలో జరగాల్సిన కెంటకీ డెర్బీ పందెం చూస్తే మూడేళ్ల గుర్రాలకే. ఏ గుర్రానికైనా అవకాశం ఒక్కసారే.

స్పెండ్ ఎ బక్‌కు చేసింది ఆర్త్రోస్కోపీ, అంటే చిన్న గాటులోంచి గొట్టం దించి కీలు లోపల చూస్తూ చేసే ఆపరేషన్. దీని పుట్టిల్లు మనుషుల వైద్యమే. 1918లో టోక్యోలో కెంజి తకాగి, మూత్రాశయం చూసే గొట్టాన్ని ఒక శవం మోకాట్లోకి దించి చూశాడు. శిష్యుడు మసాకి వతనబే 1962లో అలా చూస్తూనే చిరిగిన మృదులాస్థిని కోసి తీశాడు. గుర్రాల దగ్గర దీన్ని ఒక పద్ధతిలో పెట్టిన ఘనత ఎక్కువగా కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన న్యూజిలాండ్ వాడు వేన్ మెకిల్‌రైత్‌ది. ఆయన పాఠ్యగ్రంథం వెలువడిందీ 1984లోనే.

మత్తిచ్చి గుర్రాన్ని వెల్లకిలా పడుకోబెడతారు. కీలులోకి ద్రవం ఎక్కించి ఉబ్బిస్తారు. సెంటీమీటరైనా లేని గాటులోంచి నాలుగు మిల్లీమీటర్ల స్కోపు, మరో గాటులోంచి పటకారు. టీవీ తెర మీద చూస్తూ పెచ్చును పట్టి, మెలితిప్పి లాగుతారు. తర్వాత సెలైన్‌తో కడుగుడు. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఈ కడుగుడే, నా దృష్టిలో, సగం వైద్యం. రక్తం ద్వారా కీళ్లలోకి ఇన్ఫెక్షన్ చేరిన పసి గుర్రప్పిల్లలకైతే మందులతోపాటు ఇదే ప్రాణాధారం. అసలు గండం ఆపరేషన్ అయ్యాక ఉంటుంది: మత్తు దిగుతూ తూలుతూ లేవబోయి గుర్రం కాలు విరగ్గొట్టుకోవచ్చు. అందుకే మెత్తలు పరిచిన గదిలో లేపుతారు.

1985 మే 4న స్పెండ్ ఎ బక్ మొదట్నుంచీ ముందుండి, అయిదుంపావు లెంగ్తుల (గుర్రం నిడివి లెక్కన) తేడాతో డెర్బీ కొట్టింది. ఆపరేషన్ అయ్యి ఆరు నెలలు కూడా నిండలేదు. ఆ తొందరలో గుర్రం మేలెంత, మనిషి ఆశెంత అని అడగాల్సిందే. యజమాని సంప్రదాయ పందెమైన ప్రీక్‌నెస్‌ను వదిలి, బోనస్ ఉన్న జెర్సీ డెర్బీకి దింపాడు. పందేల పెద్దలు నొసలు చిట్లించారు. 12,500 డాలర్లకు కొన్న గుర్రం మే 27న ఆ ఒక్క పందెంలో 26 లక్షల డాలర్లు తెచ్చిపెట్టింది.