బిగ్ పైన్ బడిలో ఒక సీటు

జూన్ నెల వచ్చిందంటే మన గూడేల్లో తరచుగా వినపడే మాట "సీటు లేదు". పిల్లను ఆరో తరగతిలో చేర్చడానికి వెళ్లిన తల్లిదండ్రులకు బడి గేటు దగ్గరే ఈ మాట చెబుతారు. "మీకు ఆశ్రమ పాఠశాల ఉంది కదా, అక్కడికి పోండి" అన్న మాట దాని వెంటే వస్తుంది. ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో అడగకుండానే మనవాళ్లు ఇంటిదారి పడతారు. వందేళ్ల కిందట అమెరికాలో ఒక ఆదివాసీ కుటుంబానికీ ఇలాంటి మాటే ఎదురైంది. వాళ్లు దాని మీద కోర్టుకెక్కారు. ఆ చరిత్ర మన యువతకూ, టీచర్లకూ తెలిసి ఉండాలి.

కాలిఫోర్నియా రాష్ట్రం తూర్పు వైపున, సియెర్రా నెవాడా కొండల కింద ఓవెన్స్ లోయ ఉంది. అది పయూట్ ఆదివాసీల నేల. తెల్లవాళ్లు రాకముందే వాగులకు కాలువలు తీసి దుంపలూ గింజలూ పెంచుకున్న జనం వాళ్లు. 1863లో సైన్యం వారిలో అనేకమందిని లోయ నుంచి నడిపించుకుంటూ దూరంగా తోలుకుపోయింది. తిరిగి వచ్చేసరికి భూములు పరాయివాళ్ల చేతుల్లో ఉన్నాయి. 1913లో లాస్ ఏంజిలస్ నగరం 200 మైళ్లకు పైగా కాలువ వేసి ఆ లోయ నీళ్లను కూడా పట్టుకుపోయింది. భూమి, నీళ్లు పోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ లోయలోనే బిగ్ పైన్ అనే ఊరు ఉంది. 1923లో అక్కడి పయూట్ పిల్లలు ఊరి ప్రభుత్వ బడిలో చేరతామని అడిగారు. వాళ్లలో 15 ఏళ్ల ఆలిస్ పైపర్ ఒకరు. బడి పాలకవర్గం కాదంది. వాళ్ల చేతిలో ఒక చట్టం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం నడిపే ఆదివాసీ బడికి మూడు మైళ్ల లోపల ఉన్న ఆదివాసీ పిల్లలను జిల్లా బడిలో చేర్చుకోకూడదని ఆ చట్టం చెప్పింది. "మీ బడి మీకుంది" అన్నదే దాని సారం.

ఆలిస్ తరఫున కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో అర్జీ పడింది. 1924 జూన్‌లో తీర్పు వచ్చింది. పిల్లలకు చదువు చెప్పే బాధ్యత రాష్ట్రానిది, వేరే ప్రభుత్వం నడిపే బడిని చూపించి ఆ బాధ్యత తప్పించుకోవడం కుదరదు అని కోర్టు చెప్పింది. ఆలిస్‌ను చేర్చుకోమని ఆదేశించింది. అమెరికా ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం మీద సంతకం పడింది కూడా 1924 జూన్‌లోనే.

ఈ గెలుపులో రెండు లోపాలు ఉన్నాయి. వాటినీ మనం చూడాలి. ఒకటి, రాష్ట్రమే ఆదివాసీలకు వేరే బడి పెడితే అది తప్పని కోర్టు అనలేదు. ఆ వెసులుబాటును చట్టం నుంచి తీసేయడానికి 1935 దాకా పట్టింది. రెండోది మనసుకు తగిలేది. ఆలిస్ గానీ, ఆమె తల్లిదండ్రులు గానీ ఏ తెగ కట్టుబాట్లలోనూ బతకలేదని అర్జీలో రాయాల్సి వచ్చింది. తెగను పక్కన పెడితేనే పౌరురాలు అయింది.

మన రాజ్యాంగం ఆ షరతు పెట్టలేదు. సొంత భాష, లిపి, సంస్కృతి కాపాడుకునే హక్కును 29వ అధికరణం ఇచ్చింది. షెడ్యూల్డ్ తెగల చదువుకు ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని 46వ అధికరణం ప్రభుత్వానికి చెప్పింది. గోండుగా, కోయగా, సవరగా ఉంటూనే సీటు అడగవచ్చు. వేరే బడి అన్నంత మాత్రాన అవమానం కాదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది, గోండీలోనే చదువు చెప్పారు. మన పిల్లల కోసం కట్టిన బడి వేరు, మన పిల్లలను దూరంగా ఉంచడానికి చూపించే బడి వేరు.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఐదో తరగతి వరకు 1 కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది వరకు 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. దారి లేని చోట, వరద ముప్పు ఉన్న చోట ఆ దూరం ఇంకా తగ్గించాలి. బిగ్ పైన్‌లో మూడు మైళ్ల గీత పిల్లను బయట నిలబెట్టింది. మన చట్టంలో గీసిన దూరం బడిని పిల్ల దగ్గరకు తేవాలి. వయసు కాగితం లేదని, ఆలస్యంగా వచ్చారని చేర్చుకోకుండా ఉండకూడదు. కాదంటే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

అయితే ఈ చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆలిస్‌కు 15. మన పిల్లలు ఎక్కువగా జారిపోయే తొమ్మిది, పది తరగతులు దీని బయటే ఉన్నాయి. ఆ తరగతులకూ హక్కు కావాలని అడగడం మన తరం పని.

నోటిమాటగా చెప్పిన "సీటు లేదు" మీద అప్పీలు చేయడం కష్టం. కాబట్టి టీచర్లుగా మనం చేయగలిగింది ఒకటుంది. తల్లిదండ్రుల పక్కన కూర్చుని అర్జీ రాయాలి, తేదీ వేయించాలి, రసీదు తీసుకోవాలి, కారణం కాగితం మీద ఇమ్మని అడగాలి. చదువుకున్న యువత ఎండాకాలంలోనే ప్రతి గూడెంలో ఈ పని మొదలుపెట్టాలి. ఆలిస్ పైపర్ పేరు ఈ రోజు మనకు తెలిసిందంటే, ఆనాడు ఎవరో ఆమె కోసం ఒక అర్జీ రాసి పెట్టినందుకే.