గాలపు కర్ర (అనంతపురం చెరువులు)

గాలపు కర్ర ఎరను చేప ఉండే చోటికి చేర్చి, చేప గుంజినప్పుడు ఆ బలాన్ని తాను వంగి భరించే సాధనం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే అనంతపురం పీఠభూమిలో బుక్కరాయసముద్రం, శింగనమల వంటి పాత చెరువులు నిండిన ఏళ్లలోనే గాలపు వేట జోరందుకుంటుంది.

కర్ర ఎంపిక చేపను బట్టి మారుతుంది. గడ్డిలో పొంచి ఉండే కొర్రమీను గాలానికి పడగానే తిరిగి నాచులోకి దూరుతుంది కనుక దాన్ని వెంటనే బయటికి లాగగల బిరుసైన కర్ర కావాలి. బొచ్చె, రోహులకు మాత్రం కొన మెత్తగా ఉండాలి, లేకుంటే పెదవి చిరిగి చేప జారిపోతుంది. గణుపులు దగ్గరగా ఉన్న ముదురు వెదురును నీడలో ఆరబెట్టి, మొదలు పట్టుకొని వంచి చూసినప్పుడు, ఒకే గణుపు వద్ద విరిగినట్లు కాక వంపు పొడవునా సమంగా సాగితే అది మంచి కర్ర.

వేట తీరును బట్టి కూడా కర్ర మారుతుంది. కదిలే పడవ నుంచి బరువైన గుండుతో ఎరను నీటి లోతుకు దించి లాగే డౌన్‌రిగ్గర్ ట్రోలింగ్‌లో కర్ర ముందే వంచి ఉంటుంది. చేప పట్టగానే దారం క్లిప్పు నుంచి విడిపోతుంది, అప్పుడు కర్ర నిటారుగా లేచి సడలిన దారాన్ని బిగించాలి కాబట్టి అక్కడ బాగా వంగే ఫైబర్‌గ్లాస్ మేలు. లోతు తక్కువైన అనంతపురం చెరువులకు వెదురు కర్రే సరిపోతుంది.