ఇంటెన్షన్ (గ్రంథం)

బ్రిటిష్ తత్త్వవేత్త జి.ఇ.ఎం. ఆన్‌స్కోమ్ (1919–2001) మానవ చర్య, ఉద్దేశం, హేతువులను విశ్లేషిస్తూ 1957లో వెలువరించిన గ్రంథం. అణుబాంబుల ప్రయోగానికి ఆదేశించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1956లో గౌరవ డాక్టరేట్ ఇవ్వడాన్ని ఆమె వ్యతిరేకించారు. గ్రంథానికి నేపథ్యం ఆ వివాదమే. 'ఎందుకు చేశావు?' అన్న ప్రశ్న ఒక ప్రత్యేకార్థంలో వర్తించే చర్యలే ఉద్దేశపూర్వకమైనవని ఇందులోని ప్రతిపాదన. ఉదాహరణకు, ఒకడు పంపు కొట్టి, విషం కలిసిన నీటిని ఒక ఇంటి తొట్టికి ఎక్కిస్తుంటాడు. చెయ్యి ఆడించడం, పంపు కొట్టడం, తొట్టి నింపడం, ఇంట్లోవారికి విషం పెట్టడం: వర్ణనలు నాలుగు, చర్య ఒక్కటే. పంపు చప్పుడు సంగతి అడిగితే తనకు తెలియనే తెలియదని అతడంటే, 'చప్పుడు చేయడం' అన్న వర్ణన మేరకు ఆ చర్య ఉద్దేశపూర్వకం కాదు. తాను చేస్తున్నదేమిటో కర్తకు పరిశీలన అవసరం లేకుండానే తెలుస్తుందన్న వాదం ఎక్కువ వివాదానికి గురైంది. హేతువులను కారణాలుగా చూడరాదన్న, ఈ గ్రంథంలోనూ కనిపించే నాటి ధోరణిని తత్త్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్ 1963 నాటి వ్యాసంలో తోసిపుచ్చారు.